ఇనుము తగలని గులాబీ

కడియపులంక
12 జూలై 2023

అత్తయ్య గారికి,

ఈ ఉదయం నర్సరీకి వచ్చేసరికి నా బల్ల మీద ఒక నత్త ఉంది. నిన్న సాయంత్రం నేను రాసి పెట్టిన చీటీని తింటోంది. "ఎర్ర గులాబీ" అన్న చీటీ. గులాబీ మొత్తం తినేసి ఎర్ర దగ్గర ఆగింది. కొత్త చీటీ రాసి మీ మొక్కకు కట్టాను. అందువల్ల పార్సిల్ మొదటి బస్సు దాటిపోయి రెండో బస్సుకు ఎక్కింది.

మీకు ఫోన్లో వినపడదు, నాకు ఫోన్లో మాట రాదు. కాబట్టి ఉత్తరం రాసి కుండీకి కట్టాను. మీకేదో మొక్కు ఉందనీ, దానికి గులాబీ మొక్క కావాలనీ నాన్న చెప్పారు. ఏం మొక్కుకున్నారో చెప్పలేదు. చెప్పకూడనిదైతే వద్దు.

ఈ మొక్కను సాల్మన్ గారు కట్టారు. ఆయన ఇక్కడ ముప్పై ఏళ్ళుగా అంట్లు కడుతున్నారు. మొదలు దగ్గర వేలెడు ఎత్తున ఒక బుడిపె ఉంటుంది, చూడండి. బుడిపె పైన ఉన్నది ఎర్ర గులాబీ. కింద ఉన్నది అడివి గులాబీ. అడివిదానికి వేరు గట్టిది, నీళ్ళు నిలిచినా బతుకుతుంది. అందుకని దాని వేరు మీద ఎర్రదాని కన్ను, అంటే చిగురు మొలిచే మొగ్గ, తెచ్చి కడతారు. బుడిపె కింద నుంచి చిగురు వస్తే వెంటనే కత్తిరించేయండి. వదిలేస్తే కిందది పైదాన్ని చంపేస్తుంది.

మావయ్య గారిని అడిగానని చెప్పండి.

భానుశ్రీ


పెదలంకపాడు
20 జూలై 2023

మా భానమ్మకి అత్తయ్య దీవెనలు.

మొక్క క్షేమంగా దిగింది. కండక్టరు దాన్ని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడట. పాలకొల్లులో దించేటప్పుడు ఎవరో ఆ సీటు అడిగితే "మనిషి ఉన్నారండి" అన్నాడట.

మొక్కు దాచాల్సిందేం కాదు. జూన్లో ఈ చుట్టుపక్కల రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చింది. మా ఉత్తరం వైపు చెరువులన్నీ పోయాయి. నేను వెళ్ళి అమ్మవారి ఎదురుగా నిలబడి చెప్పాను. అమ్మా, మా చెరువు దక్కితే నా చేత్తో పెంచిన చెట్టు పూసిన ఎర్ర గులాబీలు నూట ఎనిమిది నీ పాదాల దగ్గర పెడతాను, రెండు ఉగాదులు దాటనివ్వను, నీ మొక్కు తీరేదాకా ఆ చెట్టుకి ఇనుము తగలనివ్వను అని. మూడోది ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. చెరువు దక్కింది.

కాబట్టి నువ్వు కత్తిరించమన్నావు కానీ అది మాత్రం కుదరదమ్మా. ఇంట్లో ఉన్న కత్తెర్లన్నీ ఇనుమే.

మొక్కని మధ్యగట్టు మీద పెట్టించాను. మధ్యగట్టంటే మన చెరువుకీ పాపారాజు గారి చెరువుకీ నడుమ ఉన్నది. ఆయన మీ మావయ్య గారికి వరసకి తమ్ముడు. ఆ గట్టు వెడల్పు దగ్గర మాట వచ్చి పదకొండేళ్ళుగా ఇద్దరూ మాట్లాడుకోరు. ఏదైనా చెప్పాలంటే చెరువు కాపలా లోవరాజు చేత చెప్పించుకుంటారు. మర్యాదకి మాత్రం లోటు లేదు. మేం అరిసెలు వండితే వాళ్ళకి వెళతాయి, వాళ్ళు పీతలు పడితే మాకు వస్తాయి.

మొక్క నాటుతుంటే పాపారాజు గారు అవతల నిలబడి చూశారు. తర్వాత లోవరాజు వచ్చి "గట్టు మీద ఎటేపు నాటారో కొలుచుకున్నారా అని అడగమన్నారండి" అన్నాడు. మీ మావయ్య గారు "నీడ అటు కూడా పడుతుందని చెప్పు" అన్నారు.

అత్తయ్య


కడియపులంక
2 ఆగస్టు 2023

అత్తయ్య గారికి,

ఇనుము అక్కర్లేదు. కింది చిగురు లేతగా ఉన్నప్పుడు బొటనవేలితో నెడితే ఊడిపోతుంది. సాల్మన్ గారు అలాగే చేస్తారు. ఆయన బొటనవేలికి అంత పెద్ద కాయ కాసింది.

దయచేసి నెట్టేయండి.

భానుశ్రీ


పెదలంకపాడు
18 మార్చి 2024

భానమ్మకి ఎన్నో ఆశీస్సులతో,

ఎనిమిది నెలలైంది రాసి. రొయ్యల పట్టుబడి, మీ మావయ్య గారి పళ్ళు, అన్నీ కలిసి వచ్చాయి. ఆయనకి చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది. డాక్టరు దగ్గరికి వెళదామంటే తల ఊపుతారు. ఎటు ఊపుతారో తెలీదు.

గులాబీ సంగతి చెబుతాను. శ్రావణ శుక్రవారం నాడు కింద నుంచి ఒకేసారి ఏడు చిగుళ్ళు వచ్చాయి. నువ్వు నెట్టేయమన్నావు. శుక్రవారం పూట ఇంటికి వచ్చినవాళ్ళని నెట్టే అలవాటు మాకు లేదు. శనివారం వెళితే అప్పటికే వేలెడు లావయ్యాయి. పైన ఉన్న నీ కొమ్మ కాస్త మొహమాటస్తురాలల్లే ఉంది. వీటికి చోటిచ్చి తను ఎండిపోయింది.

ఇప్పుడది పొద కాదమ్మా, ఇల్లు. నిలువెత్తు దాటింది. చెరువు నీళ్ళలోకి కూడా కాళ్ళు పెట్టింది. గేదెలు గట్టు ఎక్కడం మానేశాయి. పదిహేను రోజుల కింద పూత మొదలైంది. చూసినవాళ్ళు చూసినట్టు నిలబడిపోతున్నారు. కానీ పువ్వులు తెల్లగా ఉన్నాయి. ఒక్కోదానికి అయిదే రేకులు. సువాసన మాత్రం చెరువు అవతలి దాకా వెళుతోంది.

మామిడికాయ కూడా మొదట పచ్చగా ఉండి తర్వాత కదా రంగు తిరిగేది. ఇది ఎప్పుడు ఎర్రబడుతుందో రాయి. నేను రోజూ బీట్‌రూట్ ఉడికించిన నీళ్ళు పోస్తున్నాను. లోవరాజు ఇటికపొడి చల్లుదామన్నాడు. చల్లించాను. ఈ ఉగాదికి అందకపోయినా ఫరవాలేదు, ఇంకో ఉగాది చేతిలో ఉంది.

పాపారాజు గారు "అది గులాబీయేనా అండీ" అని అడగమన్నారు. మా మేనకోడలు పంపింది, ఆవిడ ఎమ్మెస్సీ బోటనీ అని చెప్పించాను.

అత్తయ్య


కడియపులంక
27 మార్చి 2024

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రంగు తిరగడం కాస్త ఆలస్యం కావచ్చు. బీట్‌రూట్ నీళ్ళ వల్ల నష్టమేమీ లేదు.

ఇలాంటి గులాబీల గురించి లైబ్రరీలో చూశాను. పువ్వు రాలాక పిందె కట్టి, వానాకాలంలో చిన్న చిన్న ఎర్రటి పళ్ళు అవుతాయి. తినవచ్చు. ఉసిరిలో ఉన్నట్టే వాటిలో కూడా సి విటమిన్ ఎక్కువ. కొన్ని దేశాల్లో వాటితో జామ్ చేస్తారు, ఎండబెట్టి టీ కాస్తారు. చిగుళ్ళకు మంచిదని రాశారు. మావయ్య గారికి పనికొస్తుందేమో. అయినా పళ్ళ డాక్టరుకు చూపించండి. రేకులు చక్కెరలో ఊరబెట్టి తింటే కడుపుకు చలవట. ముళ్ళు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి కంచెకు దీన్ని మించింది లేదట.

ఒక జాగ్రత్త. పండు లోపల గింజల చుట్టూ సన్నటి నూగు ఉంటుంది. అది గొంతులో గుచ్చుకుంటుంది. పండును రెండుగా కోసి, గింజలూ నూగూ పూర్తిగా గీకేసి, కడిగి, అప్పుడు వాడాలి.

ఇంకొకటి రాయాలి. తర్వాత రాస్తాను.

భానుశ్రీ


పెదలంకపాడు
11 సెప్టెంబరు 2024

మా ఇంటి చదువుల తల్లికి,

నువ్వు రాసినట్టే పళ్ళు కాశాయి. రేగుపండు కన్నా చిన్నవి, ఎర్రటి ఎరుపు. పువ్వుకి రావాల్సిన ఎరుపు పండుకి వచ్చిందేంటో అర్థం కాలేదు. దారి తప్పిందేమో, వచ్చే ఏడు సర్దుకుంటుంది.

జామ్ మన ఇంట్లో ఎవరు తింటారు? నిలవ పచ్చడి పెట్టాను. ఆవపిండి, మెంతిపొడి, నువ్వుల నూనె, కారం మన ఇంటిదే. నూగు తీయమన్నావు. రెండు కుంచాల పళ్ళు. ఒక్కోదాన్ని కోసి గీకుతూ కూర్చుంటే ఉగాది వచ్చేస్తుంది. ఊరితే నూగు మెత్తబడుతుందిలే అనుకున్నాను.

మెత్తబడలేదు.

వినాయక చవితికి ఇరవై రెండు మందికి భోజనం పెట్టాను. అందరి విస్తట్లో పచ్చడి వేశాను. మొదట మీ మావయ్య గారు గొంతు సవరించుకున్నారు. తర్వాత వరసగా అందరూ. కాసేపటికి పంక్తి మొత్తం దగ్గుతోంది. ఎలా ఉందండి అని అడిగాను. "చాలా బాగుందండి" అన్నారు ఒక్కొక్కరూ, కళ్ళు తుడుచుకుంటూ. నాకు వినపడదని గట్టిగా చెప్పారు. చెప్పినకొద్దీ గొంతు పట్టేసింది. బాగుందన్నాక మారు వడ్డించకపోతే ఏం బాగుంటుంది? వడ్డించాను. వద్దంటే నేను నొచ్చుకుంటానని ఎవరూ వద్దనలేదు. పూజారి గారు ఇంటికెళ్ళాక సాయంత్రం దాకా మంత్రం పలకలేకపోయారని తర్వాత తెలిసింది. పచ్చడి బాగాలేదని ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు.

పాపారాజు గారింటికి కూడా ఒక జాడీ పంపాను. మూడు రోజుల్లో జాడీ ఖాళీ చేసి, ఉత్త జాడీ పంపకూడదని అందులో ఎండు రొయ్యలు పోసి పంపారు. వాళ్ళావిడ నాగశ్రీ చెప్పింది, ఆయన రోజూ దగ్గుతూ తింటున్నారట, దగ్గుతూ మళ్ళీ వేయమంటున్నారట.

మీ మావయ్య గారికి రక్తం ఆగింది. ఆయన కొత్త బ్రష్షు వల్ల అంటున్నారు.

అత్తయ్య


కడియపులంక
20 సెప్టెంబరు 2024

అత్తయ్య గారికి,

ఇది మార్చిలోనే రాయాల్సింది. రాసి చించేశాను.

ఆ పొద ఎర్రబడదు. ఈ ఏడూ కాదు, పై ఏడూ కాదు. మొదట మీరు ఎండిపోయిందన్న కొమ్మ ఒక్కటే ఎర్ర గులాబీ. అది పోయింది. ఇప్పుడు గట్టు మీద ఉన్నది దానికి ఆధారంగా ఉంచిన అడివి గులాబీ. దాని రంగు తెలుపే. ఆలస్యం కావచ్చు అని రాసినప్పుడు నాకు ఈ సంగతి తెలుసు. మీ సంతోషం చూసి చెప్పలేకపోయాను.

కొత్త మొక్క పంపుదామంటే అది ఉగాదికి పది పువ్వులు పూస్తే గొప్ప. నూట ఎనిమిది పూయాలంటే అంత పెద్ద వేరు ఉండాలి. అది మీ పొదకే ఉంది. కాబట్టి దారి ఒకటే. దాని కొమ్మలకే ఎర్ర గులాబీ కళ్ళు కట్టాలి. బెరడు మీద చిన్న గాటు పెట్టి, కన్ను లోపలికి దోపి, చుట్టేయాలి. జనవరి లోపల కడితే మార్చికి పూస్తాయి.

గాటు పెట్టడానికి కత్తి కావాలి.

క్షమించండి.

భానుశ్రీ


పెదలంకపాడు
1 అక్టోబరు 2024

భానుశ్రీకి,

ఆలస్యం కావచ్చు అన్న ఒక్క మాట పట్టుకుని ఆరు నెలలు బీట్‌రూట్ నీళ్ళు పోశాను. ఊళ్ళో బీట్‌రూట్ దొరకడం లేదు.

కత్తి మాట ఎత్తకు. ఆరేళ్ళ కింద ఒకసారి చెరువు పోయింది. నీకప్పుడు పరీక్షలు, నువ్వు రాలేదు. మీ మావయ్య గారు నాలుగు నెలలు వీధి అరుగు మీద కూర్చున్నారు. ఎవరితోనూ మాట లేదు. అన్నం ఎదురుగా పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కారు. అది మళ్ళీ చూడలేను. ఇచ్చిన మాట ఇచ్చినట్టు జరగాలి. మళ్ళీ పిల్ల రొయ్యని వదిలాం.

ఏం చేయాలో అమ్మవారికే తెలియాలి. నాకు తెలీడం లేదు.

అత్తయ్య


పెదలంకపాడు
24 నవంబరు 2024

అమ్మా భానూ,

కోపం ఏం లేదు. కోపానికి తీరిక లేకుండా పోయింది. మొన్న కార్తీక సోమవారం నాడు జరిగింది నీకు రాయకుండా ఉండలేను.

పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టి వచ్చేసరికి లోవరాజు పరిగెత్తుకొచ్చాడు. పొదలో ఎవరో ఉన్నారన్నాడు. వెళ్ళి చూస్తే నడి మధ్యలో తెల్ల పంచె, తెల్ల చొక్కా. పాపారాజు గారు. వెనక్కి వంగిన ముళ్ళని నువ్వు రాశావే, అవి ఆయన్ని భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, పంచె అంచుల దగ్గర పట్టుకుని ఉన్నాయి. లోపలికి వెళ్ళనిస్తాయి, బయటికి రానివ్వవు. ఎప్పటినుంచి ఉన్నారో తెలీదు. కేక వేయడానికి మొహమాటపడ్డారు.

"ఏంటండి మరిదిగారూ, పొద్దున్నే ఇలా వచ్చారు?" అన్నాను.

"ఊరికేనండి వదినగారూ. గాలి బాగుందని నిలబడ్డాను" అన్నారట. లోవరాజు నా చెవిలో అరిచి చెప్పాడు.

ఈలోపు మీ మావయ్య గారు వచ్చారు. రెండు బారల దూరంలో నిలబడి "ఆయన కాఫీ తాగుతారేమో కనుక్కోరా" అన్నారు లోవరాజుతో. లోవరాజు ఇటు తిరిగి అడిగాడు. ఆయన "శ్రమ పెట్టుకోవద్దని చెప్పు" అన్నారు. లోవరాజు అటు తిరిగి చెప్పాడు. మళ్ళీ రెండూ నా చెవిలో చెప్పాడు. ఆ రోజు ఆ ఒక్కడే ఊరందరి మాటా మాట్లాడాడు.

ఇంటికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా ఎలా? అందులో కార్తీక సోమవారం. కానీ దగ్గరికి వెళ్ళేదెవరు? రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూడటానికి నీళ్ళలోకి దించే చెక్ ట్రే ఉంటుంది కదా, దాన్ని కడిగించి, పొడుగు గడకి కట్టి, గ్లాసు పెట్టి అందించాం. తర్వాత రెండు ఇడ్లీలు. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా మాత్రమే ఆడుతోంది. అంతలోనే మర్యాదగా తిన్నారు. చట్నీ కావాలా అంటే కొంచెం అన్నారు.

మీ మావయ్య గారు కత్తి తెమ్మన్నారు. నేను పొదకి అడ్డం నిలబడ్డాను. నిలబడ్డాను కానీ మనసు పీకింది. మొక్కు ఒకవైపు, గుమ్మంలోకి వచ్చిన మనిషి ఒకవైపు. నా మొహం చూసి పాపారాజు గారే అన్నారు.

"నా మూలాన మీ మొక్కు చెడకూడదండి. నేను ఉంటాను."

"ఎన్నాళ్ళు ఉంటారండి?"

"ఉగాది దాకా నాకు పెద్ద పనులేం లేవండి."

ఇది వెటకారం కాదమ్మా. నిజంగానే అన్నారు. మీ మావయ్య గారు ఇంకా మర్యాదగా, మొక్కు ఏమైనా ఫరవాలేదు కత్తి వేయిస్తానని చెప్పించారు. ఆయన అంతకన్నా మర్యాదగా వద్దని చెప్పించారు. ఇలా రెండు గంటలు జరిగింది. ఎండ ఎక్కుతుంటే గడకి గొడుగు కట్టి పట్టించాం. నాగశ్రీ వచ్చింది. కుర్చీ వేశాం. "ఆయన ఎక్కడున్నా మాట వినరండి" అని కాఫీ తాగి, పప్పు పొయ్యి మీద ఉందని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం లోవరాజు వాళ్ళమ్మ అప్పాయమ్మ వచ్చింది. ఉప్పాడ మనిషి. ఒకప్పుడు అక్కడ పురుళ్ళన్నీ ఆవిడే పోసేది. అంతా విని, నన్ను ఒకటే అడిగింది.

"ఇనుమన్నావా, కొయ్యనన్నావా?"

ఇనుమనే అన్నానని చెప్పాను.

"మరింకేటి? బిడ్డ బొడ్డే ఎదురుబద్దతో కోసినోళ్ళం. ఈ కంపెంత?"

దడిలోంచి ఒక వెదురు లాగి చీల్చింది. బద్ద అంచు చూస్తే బ్లేడులా ఉంది. లేత కొమ్మల్ని ఒక్కొక్కటే కోసుకుంటూ లోపలికి వెళ్ళింది. పురిటి మనిషితో చెప్పినట్టే "కదలకు నాయనా, అయిపోవచ్చింది, అయిపోవచ్చింది" అంటూ. ఒంటిగంటకి ఆయన్ని బయటికి తీసింది. పదకొండు కొమ్మలు తెగాయి. ఇనుము తగల్లేదు. అమ్మవారికి ఇచ్చిన మాటలో వెదురు లేదు.

బయటికి వచ్చాక ఆయన చొక్కా జేబులోంచి ఎర్ర పళ్ళు ఒక్కొక్కటే రాలుతున్నాయి. అప్పుడు తెలిసింది ఎందుకు వచ్చారో. పచ్చడి కావాలని అడగలేక. ఎవరం చూడనట్టు ఊరుకున్నాం. మీ మావయ్య గారు మాత్రం "జేబులోవి పడిపోతున్నాయని చెప్పరా" అన్నారు లోవరాజుతో.

అత్తయ్య


కడియపులంక
1 డిసెంబరు 2024

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం సాల్మన్ గారికి చదివి వినిపించాను. ఆయన నవ్వలేదు. లేచి వెళ్ళి వెదురు బద్ద ఒకటి చీల్చి, అడివి గులాబీ కొమ్మ మీద గాటు పెట్టి చూశారు. బెరడు శుభ్రంగా విచ్చుకుంది. కత్తి కన్నా నెమ్మదే, కానీ పని జరుగుతుంది అన్నారు.

సెలవు అడిగాను. అడగడానికి రెండు రోజులు పట్టింది, ఇవ్వడానికి ఒక నిమిషం. ఇరవయ్యో తేదీన ఎర్ర గులాబీ కళ్ళు అరవై తడి గోనెలో చుట్టుకుని వస్తాను. అప్పాయమ్మ గారిని ఇరవై బద్దలు చీల్చి ఉంచమనండి. ఒక్కోటి రెండు మూడు గాట్లకే మొద్దుబారుతుంది. చుట్టడానికి అరటినార కావాలి. బయటి వైపు కొమ్మలకే కడతాను. లోపలికి, పాపారాజు గారు ఉన్న చోటికి, నేను వెళ్ళను.

వచ్చినప్పుడు నా చేత ఎవరితోనూ మాట్లాడించవద్దు. పనిలో ఉంటాను.

భానుశ్రీ


పెదలంకపాడు
26 జనవరి 2025

మా అమ్మడికి,

నువ్వు మూడు రోజులు ఉన్నావు. "మంచినీళ్ళు" అన్నావు, "చాలు" అన్నావు. నా చెవులే పూర్తిగా పోయాయేమో అనుకున్నాను. లోవరాజుని అడిగితే వాడికీ అంతే వినపడిందట.

అరవైలో నలభై మూడు పట్టాయి. పట్టినవి ఎలా తెలుస్తాయో నువ్వు కాగితం మీద బొమ్మ వేసి ఇచ్చావు కదా, దాన్ని పాపారాజు గారు అడిగించి తీసుకున్నారు. రోజూ పొద్దున్నే బొమ్మ పట్టుకుని గట్టుకి అవతలి వైపు నిలబడి లెక్కపెడతారు. మీ మావయ్య గారు ఇవతలి వైపు లెక్కపెడతారు. లెక్క తేడా వస్తే లోవరాజుని పిలుస్తారు. నిన్న ఒక కన్ను నల్లబడిందని ఆయన, లేదని ఈయన. వాడు మధ్యలో అటూ ఇటూ తిరిగి తిరిగి, నాకు కళ్ళు తిరుగుతున్నాయండి అని గట్టు మీద కూర్చున్నాడు. ఇద్దరూ వాడికి చెరో గ్లాసు మజ్జిగ తెప్పించారు.

చిగుళ్ళు ఎర్రగా వస్తున్నాయి. ఆకు ఎరుపో పువ్వు ఎరుపో ఇంకా తెలీదు. నాకు నిద్ర పట్టడం లేదు. చెరువులో రొయ్య బాగుంది. బాగుందంటే ఇంకా భయం. ఉగాదికి రెండు నెలలే ఉంది. ముందు రోజే వచ్చేయి. కోయడానికి నీ చెయ్యి ఉంటే ధైర్యం.

అత్తయ్య


పెదలంకపాడు
4 ఏప్రిల్ 2025

బంగారు తల్లికి,

ఇంటికి చేరావని మీ నాన్న చెప్పాడు. నాకు ఇంకా కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

తెల్లారగట్ల నువ్వు వెదురుబద్ద పట్టుకుని పొద చుట్టూ తిరుగుతుంటే నేను చేతులు జోడించి నిలబడ్డాను. నీ బుట్టలోకి చూస్తే ఎరుపు తప్ప ఏమీ ఆనలేదు. కళ్ళకి నీళ్ళు అడ్డుపడ్డాయి. నువ్వు లెక్కపెట్టి "నూట ఎనిమిది" అన్నావు. నేనింక వేరే లెక్క పెట్టలేదు. నువ్వు రెండు మాటలు కలిపి మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

రేకులు నలుగుతాయని పూజారి గారు బుట్టని బుట్టగానే అమ్మవారి పాదాల దగ్గర పెట్టేశారు. చవితి నాటి గొంతు ఆయనకి పూర్తిగా వచ్చేసింది. హారతి ఇచ్చేటప్పుడు మీ మావయ్య గారు నా పక్కకి వంగి ఏదో అన్నారు. వినపడలేదు. మళ్ళీ అడిగితే తల ఊపారు. ఈసారి పైకీ కిందకీ ఊపారు.

రొయ్య మొన్న పట్టుబడి అయింది. బాగుంది.

ఇప్పుడు రెండు విషయాలు అడుగుతాను. మొక్కు తీరింది కాబట్టి ఇనుము తగలొచ్చు. నువ్వు కన్ను కట్టకుండా వదిలేసిన వెనకవైపు కొమ్మలు మళ్ళీ బోలెడు తెల్లగా పూశాయి. మొత్తం ఎర్రగా ఉంటే అందంగా ఉంటుందని మీ మావయ్య గారు వాటిని కొట్టించేద్దామంటున్నారు. పాపారాజు గారు వద్దని చెప్పించారు. ఆయనకి పళ్ళ మీద ఉంది మనసు. నువ్వేం అంటావు?

రెండోది. ఈసారి పచ్చడికి నూగు తీయాలా?

అత్తయ్య


కడియపులంక
11 ఏప్రిల్ 2025

అత్తయ్య గారికి,

నూగు తీయాలి. ప్రతి పండుకూ తీయాలి. పాపారాజు గారికి పళ్ళు పంపి, ఆయన చేత తీయించండి. కాదనలేరు.

తెల్ల కొమ్మల్ని కొట్టించకండి. ఎర్రవి నేను కట్టినవి, సాల్మన్ గారు ఇచ్చిన కళ్ళ నుంచి వచ్చాయి. మీరు రెండేళ్ళు నీళ్ళు పోసి చేత్తో పెంచింది ఆ అడివి గులాబీనే. ఎర్ర కొమ్మలు ఏ ఎండకో పోయినా అది ఉంటుంది. ఏడాదికి ఒకసారి, పూత అయ్యాక, ఎండు కొమ్మలు తీయించండి. ఇనుముతో తీయించినా ఫరవాలేదు. చెరువు వైపుకు మరీ వంగితే వలకు తగులుతుంది, అంతవరకు కత్తిరించండి.

ఇక్కడ నాకు అంట్లు కట్టే షెడ్డులో చోటిచ్చారు. సాల్మన్ గారి పక్క పీట. ఆయన నాకు కత్తి ఇచ్చారు. వెదురు అలవాటైపోయి దానితో ఇంకా చెయ్యి కుదరలేదు.

ఉగాది రోజు పొదంతా రెండుసార్లు తిరిగాను. ఎర్రవి నూట ఏడే ఉన్నాయి. బుట్ట అడుగున ఒకటి తెల్లది పెట్టాను.

భానుశ్రీ